కొటారు నేల కింద

మొన్న నల్గొండలో ఇంజనీర్ల సభ ఒకటి జరిగితే నన్నూ పిలిచారు. పాత కట్టడాలను కూలగొట్టకుండా మిల్లులకూ కార్ఖానాలకూ ఎట్లా వాడుకోవాలో మాట్లాడుకునే సభ. శాలువా కప్పారు. "సార్ ఈ పని మనమంతా పుట్టకముందే చేసి చూపించారు, నాలుగు మాటలు చెప్తారు" అని మైకు చేతికిచ్చారు. గొంతు బాగాలేదని చెప్పి కూర్చున్నాను. నా గొంతుకు ఏ రోగమూ లేదు. ఆ పనిలో నేను ఒక మనిషిని చంపాను. శాలువా కప్పుకొని ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు.

అక్కడ చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను. మీలో రేపో ఎల్లుండో ఏదో పాత గోడ ముందు టేపు పట్టుకొని నిలబడేవాళ్ళుంటారు. వాళ్ళ కోసం.

యాభైల చివరి మాట. నాకు ఇరవై నాలుగేళ్ళు. నల్గొండలో రెండేళ్ళు రోడ్లూ కల్వర్టులూ చూసిన ఓవర్సీరును. పాలమూరు జిల్లాకు బదిలీ చేశారు. కొత్తకోటలో బస్సు మారి, కొల్లాపూర్ తోవలో ఒక ఊళ్ళో దిగాను. అక్కడ పల్లీ నూనె మిల్లు కట్టాలి. ఆ చుట్టుపక్కల పల్లికాయ బాగా పండుతుంది, నూనె గానుగలు తప్ప మిల్లు లేదు. నా సంచిలో కొత్త మిల్లు డ్రాయింగు సిద్ధంగా ఉంది. సిమెంటు స్తంభాలు, ఇనుప దూలాలు, రేకుల కప్పు. నేనే రాత్రింబగళ్ళు కూర్చొని గీశాను. దాన్ని చూసుకొని మురిసిపోతూ ఉండేవాణ్ణి.

మా ఇంజనీరు సాబ్ దాన్ని ఒకసారి చూసి, మడిచి, నా చేతికే ఇచ్చేశాడు. ఆయన హైదరాబాదు మనిషి. పెద్దవాడు. ఉర్దూలో ఆలోచించి తెలుగులో మాట్లాడేవాడు.

"సిమెంటు పర్మిటు ఎవరిస్తరు తమ్ముడూ? ఇనుము ఎక్కడి నుంచి తెస్తవ్? పో, ఆ ఊళ్ళ సంస్థానం నాటి కొటారు ఉన్నది. ఖాళీగ పడున్నది. గబ్బిలాలు ఉంటున్నయి. ఆ గోడల లోపలనే నీ మిల్లు పెట్టు," అన్నాడు.

నాకు ఏడుపొక్కటే తక్కువ. చదువుకున్నది ఇందుకా, గబ్బిలాల కొంపకు మరమ్మతులు చేయడానికా అనుకున్నాను.

అయితే కొటారును చూసిన తర్వాత నా ముడిచిన మూతి కొంత సడలింది. ఒకప్పుడు సంస్థానానికి రైతులు కొలిచిన ధాన్యం నిలవచేసిన ఇల్లు అది. వంద అడుగుల పొడుగు. సున్నంతో కట్టిన మూడడుగుల మందం రాతిగోడలు. పైన టేకు దూలాల మిద్దె. మే నెల ఎండలో కూడా లోపల చల్లగా ఉంది. దూలాల్లో ఒక్కదానికి చెద పట్టింది, మిగతావన్నీ ఇనుములా ఉన్నాయి. ఇట్లాంటిది కొత్తగా కట్టాలంటే మా డిపార్టుమెంటు తరం కాదు. అప్పుడు నాకు పంతం పట్టింది. సరే, దీంట్లోనే మిల్లు పెట్టి చూపిస్తాను అనుకున్నాను.

చిక్కు ఒక్కటే. ఆయిల్ ఇంజను తిరుగుతుంటే అదురుతుంది. ఆ అదురు పాత సున్నపు గోడలకు తగిలితే ఏడాదిలో బీటలిస్తాయి. అందుకని ఇంజను కూర్చునే దిమ్మెను గోడలకు దూరంగా, సరిగ్గా హాలు నడిమధ్యన పెట్టాను. తోలు పట్టాలు తిప్పే ఇరుసును కూడా గోడకు బిగించకుండా విడిగా రాతి స్తంభాల మీద వేశాను. సాబ్ ఆ డ్రాయింగు చూసి మొదటిసారి భుజం తట్టాడు.

"గోడ సంగతి తెలుసుకున్నవ్. మరి నేల?"

"గట్టిది సాబ్. రెండు కాడ తవ్వి చూసిన. మూడడుగులకే మొరం తగిలింది," అన్నాను.

నిజమే, రెండు చోట్ల తవ్వాను. రెండూ గోడల బయట. లోపల బండలు పరిచిన నేల గట్టిగా ఉంది కదా, దాన్ని చెడగొట్టడమెందుకనుకున్నాను. 'నేల గట్టిది' అని రాసి సంతకం పెట్టాను. నా సంతకం అప్పట్లో చాలా అందంగా ఉండేది.

పనికి నల్గొండ వైపు నుంచి నాకు తెలిసిన మేస్త్రీనే రప్పించాను. యాభై దాటిన మనిషి. బావులు కట్టడంలో చెయ్యి తిరిగినవాడు. రాయిని సుత్తితో ఒక్కసారి తట్టి, చెవి ఆనించి, పగులుందో లేదో చెప్పేవాడు. బుగ్గలో ఎప్పుడూ తంబాకు ఉండేది. నేను నవ్వితే నవ్వేవాడు, కసురుకుంటే ఇంకా ఎక్కువ నవ్వేవాడు. ఆయన భార్య పుట్టిల్లు ఆ ఊరే. అందుకని పని అనగానే సంతోషంగా ఇద్దరూ వచ్చి, ఆమె నాయిన వదిలిపోయిన పాత ఇంట్లోనే దిగారు.

"సారూ, గీ ఊరికి నేను అల్లుణ్ణి. గీ గోడకు మేకు కొట్టుడంటే మా మామ నెత్తి మీద కొట్టినట్టే. జర మెల్లగ కొడ్త," అనేవాడు.

"కొట్టు, కొట్టు. బతికున్నప్పుడు మా నాయిన నిన్ను కొట్టకపోయె, నువ్వన్న కొట్టు," అనేది ఆమె అటు నుంచి. ఆమెను పనివాళ్ళంతా పెద్దమ్మ అని పిలిచేవాళ్ళు. నేనూ అట్లాగే పిలిచాను. దిమ్మిసలతో నేల గట్టిచేసే ఆడవాళ్ళకు ఆమె పెద్ద. ఆమె దిమ్మిస ఎత్తితే ఎత్తాలి, దించితే దించాలి, అందరి దెబ్బా ఒక్కటై పడాలి.

ఒకరోజు హాలు లోపల, బండలు లేపిన చోట, ఆ దెబ్బలు ఉన్నట్టుండి ఆగిపోయాయి. పెద్దమ్మ నన్ను పిలిచింది.

"సారూ, జర ఇటు రా. ఈడ నేల గుమ్మంటాంది. ఇను."

దిమ్మిస ఒక చోట వేసింది. ధన్ మంది. నాలుగడుగులు జరిగి మళ్ళీ వేసింది. ధమ్ మంది. నాకు పెద్ద తేడా ఏమీ వినపడలేదు. వినపడలేదని ఆమెతో ఒప్పుకోవడానికి అహం అడ్డొచ్చింది.

"ఈడ జొన్నల పాతర్లు ఉంటుండె సారూ," అంది. "వడ్లు మీద పోస్తుండిరి, జొన్నలు నేల లోపల పాతరేస్తుండిరి. మా నాయిన గీ కొటార్లనే పాతర్లు నింపుడు, తోడుడు చేస్తుండె. ఎన్ని ఉండెనో నాకు యాదికి లేదు. చిన్నదాన్ని."

పాతర అంటే మీలో కొందరికి తెలియకపోవచ్చు. గట్టి మొరం నేలలో కుండ ఆకారంలో గొయ్యి తవ్వి, లోపల గడ్డి పరిచి, జొన్నలు నింపి, మూతికి బండ వేసి మట్టితో మెత్తేవాళ్ళు. కరువొస్తే తీసేవాళ్ళు. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు.

"ఎప్పుడో పూడ్చి ఉంటరు పెద్దమ్మా. రెండు కాడ తవ్వి చూసిన. నేల గట్టిదే. కానియ్యి," అన్నాను. ఆమె నా మొహంలోకి ఒక్క క్షణం చూసి దిమ్మిస ఎత్తుకుంది.

చూశారా, ఆ నేలతో చిన్నప్పటి నుంచి పరిచయం ఉన్న మనిషి నా ఎదురుగా నిలబడి చెప్తుంటే, నేను రాసిన కాగితాన్ని నమ్ముకున్నాను. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఇంజను దిమ్మె కోసం నడిమధ్యన గొయ్యి తవ్వడం మొదలుపెట్టాం. నాలుగడుగులు దిగాక ఒక మధ్యాహ్నం మేస్త్రీ గడ్డపార ఏదో బండకు తగిలింది. ఇంకో పోటు వేశాడు. బండ అంచు విరిగి, గడ్డపార చేతిలో నుంచి జారి కిందికి పోయింది. అది అడుగున పడ్డ చప్పుడు వినపడింది. లోపలి నుంచి పుల్లటి, మాగిన వాసన ఒకటి పైకి కొట్టింది.

అది అన్నాల వేళ. పనివాళ్ళంతా బయట నీడకు పోయారు. లోపల మేం నలుగురమే. నేను, మేస్త్రీ, పెద్దమ్మ, మా స్టోరు గుమాస్తా. గుమాస్తా నాతోపాటు ఒకే గదిలో కిరాయికుండేవాడు. మంచివాడే. సిమెంటు సంచుల మీద కూర్చొని సద్ది విప్పుకుంటున్నాడు.

 మర్నాడు పొద్దున సాబ్ జీపు వస్తుంది. 'నేల గట్టిది' అని రాసిన కాగితం ఆయన దగ్గరుంది. ఆయన వచ్చేలోగా ఆ గొయ్యి లోతెంతో, వెడల్పెంతో కొలిచి, దిమ్మె ఎక్కడికి జరపాలో గీసి పెట్టుకోవాలి. తప్పును తప్పుగా కాకుండా నేనే కనిపెట్టిన సంగతిగా చూపించాలి. నా బుర్రలో అదొక్కటే తిరుగుతోంది.

"మేస్త్రీ, దిగి లోతు చూడు. గడ్డపార గూడ తే," అన్నాను.

"ఎవలు దిగొద్దు!" అని పెద్దమ్మ గట్టిగా అరిచింది. "నేను ఇంటికి పోయి కందిలి తెస్త. దీపం దింపి చూసినంకనే మనిషి దిగాలె. మా నాయిన గట్లనే చేస్తుండె."

"పెద్దమ్మా, పూజలు తర్వాత చేసుకోవచ్చు. రేపు సాబ్ వస్తుండు."

"పూజ గాదు సారూ!" అంది. ఇంకేదో చెప్పబోయింది. ఇతనితో మాటలెందుకు, పోయి తెస్తే అయిపోతుంది కదా అనుకుందేమో, కొంగు నడుముకు చుట్టుకొని బయటికి ఉరికింది. వాకిలి దగ్గర ఆగి వెనక్కి తిరిగి మొగుడితో, "నేనొచ్చేదాంక దిగకు," అంది.

మేస్త్రీ గొయ్యి అంచున గొంతుక్కూర్చొని తంబాకు నలుపుకుంటున్నాడు. "వస్తది సారూ, ఇల్లు గీడనే గద. జర ఆగుదాం. మా మామ గీ పాతర్ల సంగతి తెలిసిన మనిషి," అన్నాడు.

అప్పుడు నేను నవ్వాను. నవ్వి, "ఏం మేస్త్రీ, నల్గొండ బాయిలన్నీ దిగినోనివి, పెండ్లాం మాటకు భయపడ్తున్నవా?" అన్నాను.

అంతే. నేను అతణ్ణి గొయ్యిలోకి తోయలేదు. మాట అన్నానంతే. గుమాస్తా కూడా నవ్వాడు. మేస్త్రీ మొహం కొంచెం ఎర్రబడింది. తంబాకు ఉమ్మేసి లేచాడు.

"భయమా! నాకా! పట్టు సారూ తాడు."

తాడు ఒక కొసను స్తంభానికి కట్టాడు. నడుముకు కట్టుకోలేదు. రెండు నిలువుల లోతు కూడా లేని గొయ్యికి నడుముకు తాడెందుకు అనుకున్నాడు, నేనూ అనుకున్నాను. విరిగిన బండను పక్కకు లాగి, తాడు పట్టుకొని దిగాడు. అతని తల నేల కిందికి పోయింది.

"ఏమున్నది మేస్త్రీ?"

"గడ్డి ఉన్నది సారూ. మురిగిన జొన్నలు..." అన్నాడు. మాట బొంగురుగా వచ్చింది. ఆ తర్వాత కింద కూర్చున్నాడు. గడ్డపార కోసం వెతుకుతున్నాడనుకున్నాను. కూర్చున్నవాడు మెల్లగా గోడకు ఆనుకున్నాడు.

"మేస్త్రీ, దొరికిందా?"

పలకలేదు.

"మేస్త్రీ!"

వేళాకోళమాడుతున్నాడనుకున్నాను. నిజంగా అట్లాగే అనుకున్నాను. ఎప్పుడూ నవ్వే మనిషి కదా. తర్వాత అతని తల ఒక పక్కకు వాలిపోయింది, నోరు తెరుచుకుంది.  ఏం జరిగిందో అర్థం కాలేదు. పాము కరిచిందా? గుండె ఆగిందా? తాడు పట్టుకొని నేనూ ఒక కాలు లోపలికి పెట్టాను. మోకాళ్ళ దాకా దిగాను.

వెనక నుంచి ఎవరో నా చొక్కా పట్టి గుంజి నేల మీద వెల్లకిలా పడేశారు. చూస్తే పెద్దమ్మ. ఒక చేతిలో వెలుగుతున్న కందిలి. రొప్పుతోంది. లోపలికి తొంగి చూసింది. మొగుణ్ణి చూసింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"ఆయనను దించినవా?" అంది నాతో. ఆ ఒక్క మాటే.

కందిలిని తాడుకు కట్టి దించింది. మూర లోతు పోయిందో లేదో, దీపం ఒకసారి రెపరెపలాడి ఆరిపోయింది. గాలి లేదు, ఊదినవాళ్ళు లేరు. పైకి లాగి, మళ్ళీ వెలిగించి దించింది. మళ్ళీ అక్కడికే వచ్చి ఆరిపోయింది. అప్పుడు తెలిసింది నాకు. ఏళ్ళ తరబడి మూసిపెట్టిన గొయ్యిలో మురిగే జొన్నలు మంచి గాలినంతా తినేస్తాయి. లోపల ఉండేది విషం. దీపం బతకని చోట మనిషీ బతకడు. సైన్సు పుస్తకంలో నేను కూడా చదివాను ఇది, గాజు గ్లాసు కింద కొవ్వొత్తి బొమ్మతో సహా. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

ఆమె కేకలకు పనివాళ్ళు ఉరికొచ్చారు. గొంగళ్ళు తడిపి, తాళ్ళకు కట్టి, పాతరలోకి దించి ఎత్తి, దించి ఎత్తి, లోపలి గాలిని కలియబెట్టారు. ఆడవాళ్ళు యాపకొమ్మలు తెచ్చి అట్లాగే ఆడించారు. దూకుతానన్న ఇద్దరు మగవాళ్ళను ఆమే ఆపింది. "ఒక్కడు పోయింది సాలు! ఆగుండ్రి!" అని తిట్టింది. ఎంతసేపు గడిచిందో నాకు తెలియదు. ఆఖరికి దీపం అడుగు దాకా పోయి నిలిచింది. అప్పుడు నడుముకు తాడు కట్టించుకొని ఆమే దిగింది. మొగుడి చంకల కింద నుంచి ఆమే తాడు వేసి కట్టింది.

పైకి తీసేసరికే చల్లబడి ఉన్నాడు. అయినా బండి కట్టి దవాఖానకు తీసుకుపోయారు. డాక్టరు చెయ్యి పట్టుకొని చూసి వదిలేశాడు.

ఆ సాయంత్రం నేను గదిలో గోడ వైపు తిరిగి కూర్చున్నాను. అన్నం దగ్గరికి పోలేదు. గుమాస్తా పక్కన కూర్చున్నాడు.

"నువ్వు దిగుమన్నవని చెప్తే నౌకరి పోతది. జైలు గూడ కావొచ్చు. ఇంటికాడ తొమ్మిది మంది నీ ఒక్కని మీద బతుకుతుండ్రు. పోయినోడు ఎట్లా రాడు. నువ్వు బయటున్నవ్. నువ్వేం చూడలే. గంతే అను," అన్నాడు.

నేను అవుననలేదు, కాదనలేదు. కాదనకపోవడమే అవుననడం అని నాకు తెలుసు.

మర్నాడు రావలసిన సాబ్ మూడోనాడు వచ్చి కొటారు అరుగు మీద కుర్చీ వేసుకొని విచారణ పెట్టాడు. ఊరి జనం గుమిగూడారు. పెద్దమ్మను పిలిచాడు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి కానీ మాట తడబడలేదు. నేల గుమ్మన్నదని ముందే చెప్పిన సంగతి, దీపం దించమన్న సంగతి, అన్నీ చెప్పింది.

"ఓర్సీరు సారు దిగుమంటేనే దిగిండు," అంది.

"దిగుమన్నప్పుడు నువ్వు అక్కడున్నవా?" సాబ్ అడిగాడు.

"లేను సాబ్. దీపం తేనీకి పోయిన. దిగకుమని చెప్పి పోయిన. నా మాట కాదని ఊకెనే దిగడు. సారు ఉండె. ఆయననే అడుగుండ్రి."

అందరూ నా వైపు తిరిగారు. ఆమె కూడా తిరిగింది. ఆ చూపులో కోపం లేదు. అదే నన్ను ఇన్నేళ్ళూ తింటున్నది. కోపం ఉంటే సగం బరువు దిగేది. నేను చెప్తానని పూర్తిగా నమ్మి చూసింది. రెండు రోజుల కింద నన్ను ఆ గొయ్యిలో నుంచి వెనక్కి లాగిన మనిషి. ఆమె లాగకపోయి ఉంటే ఆ బండి మీద రెండు శవాలు పోయేవి.

"నేను బయట ఉన్న సాబ్. చూడలేదు," అన్నాను.

నా గొంతు నాకే వినపడింది. చాలా మామూలుగా ఉంది. సాబ్ గుమాస్తా వైపు చూశాడు. గుమాస్తా నన్ను ఇంకా గట్టిగా కాపాడదామని, అడగని మాట కూడా చెప్పాడు.

"పాత కొటారు గద సాబ్. లంకెబిందెలుంటయని కూలీలు అనుకుంటుండిరి. అందరు అన్నాలకు పోయినప్పుడు దిగిండంటే... మరి ఎందుకు దిగిండో."

జనంలో గుసగుస లేచింది. పెద్దమ్మ గుమాస్తా వైపు చూడనేలేదు. నన్నే చూస్తోంది. చూస్తూ చూస్తూ ఆమె మొహం మారిపోయింది. నోరు కొంచెం తెరుచుకుంది. దెబ్బ ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని మనిషి మొహంలా అయింది. ఏడవడం కూడా మరిచిపోయింది. నేను నేల చూపులు చూస్తూ నిలబడ్డాను.

సాబ్ కలం కాగితం మీద పెట్టబోయి ఆపాడు. నన్ను ఇంకోసారి అడిగాడు. "సోంచాయించి చెప్పు తమ్ముడూ. నువ్వు బయటనే ఉన్నవా?"

ఆ పెద్దమనిషి నాకు ఇంకో అవకాశం ఇచ్చాడు. ఆయనకు అనుమానం వచ్చిందని ఇప్పటికీ అనుకుంటాను.

"బయటనే ఉన్న సాబ్."

పనివాడు తనంతట తానే, ఎవరికీ చెప్పకుండా దిగి చనిపోయాడని ఆయన రాసుకున్నాడు. లంకెబిందెల మాట ఆయన రాయలేదు. రాయనక్కరలేకపోయింది. సాయంత్రానికి ఊరంతా అదే మాట.

పని ఆగలేదు. నేలంతా మళ్ళీ దిమ్మిసలతో తట్టించాను. ఈసారి చెవి నేలకు ఆనించి నేనే విన్నాను. తేడా ఎంత స్పష్టంగా వినపడిందో చెప్పలేను. మొత్తం ఏడు పాతర్లు. అన్నింటినీ దీపం దించి చూసి, రాళ్ళూ సున్నమూ వేసి పూడ్చాం. ఇంజను దిమ్మెను జరిపాం. పెద్దమ్మ మళ్ళీ పనికి రాలేదు. ఆమె లేక ఆడవాళ్ళ దెబ్బలు ఒక్కటై పడేవి కావు.

మిల్లు నడిచింది. గోడల్లో ఒక్క బీటా రాలేదు. ఇంత తక్కువ సిమెంటుతో, పాత కట్టడాన్ని ఇంత తెలివిగా వాడినందుకు పై నుంచి నాకు మెచ్చుకోలు ఉత్తరం వచ్చింది. చింపేద్దామని రెండు చేతులతో పట్టుకున్నాను. చింపలేదు. ఫైలులో పెట్టుకున్నాను. తర్వాత ప్రమోషన్‌కు అది పనికొచ్చింది. నేనెట్లాంటివాణ్ణో మీకు తెలియాలని ఇదీ రాస్తున్నాను.

ఏడాదిన్నర గడిచింది. నన్ను మళ్ళీ నల్గొండకు వేశారు. నిద్ర పట్టేది కాదు. గొయ్యి తవ్విస్తుంటే మనుషులను మాటిమాటికీ బయటికి పిలిచేవాణ్ణి. ఒకనాడు ఇక తట్టుకోలేక సెలవు పెట్టి బస్సెక్కాను. ఉద్యోగం పోతే పోనీ, ఆ ఊరి నడిమధ్య నిలబడి నాలుగు మాటలు చెప్పేస్తాను, ఆ తర్వాత సాబ్ దగ్గరికి పోయి రాసిస్తాను అనుకున్నాను. దారి పొడుగునా ఆ మాటలే కూడబలుక్కున్నాను. వాటిని కూర్చుకుంటుంటే నా మీద నాకే కొంచెం గౌరవం కూడా కలిగింది.

పెద్దమ్మ ఇంటి వాకిట్లో పల్లికాయ వొలుస్తోంది. నన్ను చూసి లేవలేదు. కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను. నేనే దిగమన్నానని, ఎగతాళి చేశానని, అబద్ధమాడానని, ఇప్పుడు అందరి ముందర చెప్పడానికి వచ్చానని. చెప్తుంటే ఏడుపు వచ్చింది.

ఆమె చేతిలోని కాయలు చాటలో వేసింది. భయంగా వీధి వైపు చూసింది. ఆ భయం చూసి నేను నిర్ఘాంతపోయాను.

"వద్దు సారూ," అంది మెల్లగా. "నీ కాళ్ళు మొక్కుత. చెప్పకు."

"ఎందుకు పెద్దమ్మా? మేస్త్రీ దొంగ కాదని చెప్త. అందరికి చెప్త."

"ఎవలు నమ్ముతరు? వానలకు ఇల్లు కురుస్తుంటే మొన్న నాలుగు పెంకలు మార్పిచ్చిన. నాలుగంటే నాలుగే. 'అగో, లంకెబిందెలు మెల్లగ బయటికి తీస్తాంది' అన్నరు. నా సొంత తమ్ముడే వచ్చి నా వాటా ఏదని అడిగిండు. పొయ్యి కాడ నేల తవ్వి చూసిండు." ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకొని ఊపిరి తీసుకుంది. "ఇప్పుడు నువ్వొచ్చి ఆయన మంచోడంటే ఏమంటరు? ఓర్సీరుకు గూడ వాటా ముట్టిందంటరు. గందుకే ఇన్నొద్దులకు వచ్చి ఎనుకేసుకొస్తుండంటరు."

 నేను తెచ్చిన నిజం ఆమెకు ఎందుకూ పనికిరాదు. పైగా చంపేస్తుంది.

"ఆ పొద్దు సాబ్ అడిగినప్పుడు ఒక్క మాటంటే అయిపోతుండె," అంది. "రెండుసార్లు అడిగె గద."

వీధిలో ఎవరో దగ్గారు. ఆమె గబుక్కున లేచి నాకు అడ్డంగా నిలబడింది.

"దొడ్డి దిక్కు నుంచి పో సారూ. ముందల్నుంచి పోతే చూస్తరు."

దొడ్డి దిక్కు నుంచే వచ్చేశాను.